పెద్ద మాటల మోజు, చిన్న అక్షరాల మోసం

ఫోన్ తెరిస్తే చాలు, అడ్వాన్స్‌డ్ వొకాబులరీ పాఠాలు వరస కడతాయి. రోజుకు 10 పదాలు, ఏడాది తిరిగేసరికి 3,650 పదాలు, ఇక ఇంగ్లీషు మీ గుప్పిట్లో! ఎడమవైపు పదం, కుడివైపు అర్థం, మధ్యలో ఒక ఈక్వల్ గుర్తు. అసలు అబద్ధం ఆ గుర్తులోనే ఉంది. ఈ జాబితాల చదువు చాలావరకు దండగమారి పని. చదివేవాళ్లకు బద్ధకమని కాదు, సరుకే తప్పు.

'ప్రికేరియస్' సంగతి చూడండి. జాబితాలో 'ప్రమాదకరమైన' అని ఉంటుంది. కుర్రాడు కంఠతా పట్టి, మర్నాడే 'ప్రికేరియస్ డాగ్' అని రాసేస్తాడు. కరిచే కుక్క ప్రమాదకరమే కదా, అతని లెక్కలో తప్పేముంది? కానీ ఇంగ్లీషు వాడుకలో ఆ మాట కుక్కల జోలికి పోదు. ఎప్పుడు జారిపడుతుందో తెలియని వాటినే పట్టుకుని తిరుగుతుంది: సరిగ్గా ఆనని నిచ్చెన, నేడో రేపో ఊడే ఉద్యోగం, ఇద్దరు ముగ్గురు సభ్యుల దయ మీద నడిచే ప్రభుత్వం. ఈ మూడు చోట్లా ఆ మాట ఎదురుపడిన మనిషికి అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎదురుపడని మనిషికి అర్థం చెప్పినా ఉపయోగం లేదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ఏ పదం ఎలాంటిదో దాని సావాసాన్ని బట్టి తెలుస్తుందని భాషా శాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ 1957లోనే తేల్చాడు. ఆ దారిలోనే జాన్ సింక్లెయిర్ బృందం బర్మింగ్‌హామ్‌లో లక్షలాది వాక్యాలు పోగుచేసి, 1987లో కోబిల్డ్ నిఘంటువు తెచ్చింది. అందులో అర్థాలు పొడి మాటల్లో ఉండవు, నిండు వాక్యాల్లో ఉంటాయి. అలాంటి వాక్యాల రాశి తిరగేస్తే తమాషాలు బయటపడతాయి. 'కాజ్' అనే క్రియ మనందరికీ వచ్చిన మాటే. కానీ దాని పక్కన దాదాపు ఎప్పుడూ నష్టం, నొప్పి, సమస్య, మరణం లాంటివే కూర్చుంటాయి. 'కాజ్' అంటే కలిగించు అని బట్టీ పట్టినవాడు సంతోషాన్ని కూడా దానితోనే కలిగిస్తాడు. వ్యాకరణం ఒప్పుకుంటుంది, చదివేవాడి చెవి ఒప్పుకోదు.

ఇక ఏ పదాలు నేర్చుకోవాలన్న మాట. ఆక్స్‌ఫర్డ్ మహా నిఘంటువు 1989 నాటి రెండో కూర్పు 20 సంపుటాలు. దాన్నంతా తలకెక్కించుకున్నవాడు ఎక్కడా లేడు, ఆ అవసరమూ ఎవరికీ రాలేదు. ఒక పదాన్నీ దాని రూపాలన్నిటినీ కలిపి ఒక కుటుంబంగా లెక్కేస్తే, పత్రికలూ నవలలూ పెద్దగా తడుముకోకుండా చదవడానికి 8,000 నుంచి 9,000 కుటుంబాలు కావాలని పదసంపద మీద పరిశోధన చేసిన భాషావేత్త పాల్ నేషన్ 2006లో అంచనా కట్టాడు. అవెరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు 2000లో ప్రచురించిన అకడమిక్ జాబితాలో ఉన్నవి 570 కుటుంబాలే, అయినా చదువుల పుస్తకాల్లో పదింట ఒక మాట వాటిలోదే. అజ్యూమ్, డిరైవ్, సస్టెయిన్... అన్నీ ఇలాంటివే. వీటికి గ్లామర్ లేదు. వీడియో థంబ్‌నెయిల్ మీద 'సస్టెయిన్' అని రాస్తే ఎవరు క్లిక్ చేస్తారు? అందుకే జీవితకాలంలో రెండుసార్లు కూడా తగలని 'సెస్క్విపెడేలియన్' అక్కడ తళతళలాడుతుంది. దాని అర్థం బారెడు పొడుగు మాట అనే. ఇంతకన్నా నిజాయితీ గల ప్రకటన ఉండదు!

జాబితాలు బట్టీ పడితేనే పదాలు గుర్తుంటాయనే అవతలివాళ్ల వాదనలోనూ కొంత నిజం ఉంది. నేర్చుకున్నది ఎంత వేగంగా మరిచిపోతామో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. వ్యవధి పెంచుకుంటూ మళ్లీ మళ్లీ చూసుకునే చీటీల పద్ధతి పనిచేస్తుంది, పాల్ నేషన్ కూడా దాన్ని సమర్థించాడు. కాదనను. కానీ చీటీ మీద ఏం రాస్తామన్నది ముఖ్యం. పరీక్షల కోసం తప్పదనేవాళ్లకు ఒక్క మాట: అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్షలైన శాట్ 2005లో, జీఆర్ఈ 2011లో అనాలజీ ప్రశ్నలు, అంటే ఒక పదాల జతకు సరిపోలే మరో జత పట్టుకోమనేవి, తీసేశాయి. పరీక్షే బట్టీని తగ్గించుకుంది, బట్టీ వ్యాపారం మాత్రం తగ్గలేదు.

పోనీ, పెద్ద మాటలు వాడితే గొప్పవాళ్లమనైనా అనుకుంటారా? అదీ లేదు. డేనియల్ ఒపెన్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2006లో ఒక పరిశోధన ప్రచురించాడు. రాసిన విషయం ఒకటే, తేలిక మాటలు తీసి బరువు మాటలు పెట్టారంతే. బరువు మాటల రచన చదివినవాళ్లు దాని రచయితకు తెలివి తక్కువని మార్కులేశారు.

మరి ఈ మోజు ఎక్కడిది? నాకు తోచింది చెబుతాను. ఎవరి ఇంగ్లీషుకు జడుసుకున్నామో, వాళ్లలా ఇంకొకరిని జడిపించాలన్న కోరిక ఇది. లోన్ అగ్రిమెంట్లు, బీమా పాలసీలు, యాప్‌ల షరతులు చూడండి. చీమ తలకాయంత అక్షరాలు, ఊపిరి తిరగని వాక్యాలు. అందులో కోరలున్నది పెద్ద పదాలకు కాదు. 'వెయివ్' అని ఉంటే ఒక హక్కు వదులుకున్నట్టు. 'లయబుల్' అని ఉంటే ఖర్చు మన నెత్తిన పడ్డట్టు. 'సబ్జెక్ట్ టు' అని ఉంటే పైన ఇచ్చిన హామీ మరో షరతుకు లోబడినట్టు. 'సబ్జెక్ట్' అంటే పాఠ్యాంశం అనుకుని దాటేసేవాళ్లే ఎక్కువ. రోజుకు పది పదాల ప్యాకేజీలో వీటికి చోటుండదు, ఎందుకంటే ఇవి చూడ్డానికి 'అడ్వాన్స్‌డ్'గా కనిపించవు. కాగితం రాసినవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

కొన్ని దేశాల్లో దీని మీద గట్టిగానే పోరాడారు. బ్రిటన్‌లో 1979లో ప్లెయిన్ ఇంగ్లీష్ క్యాంపెయిన్ మొదలైంది. ప్రభుత్వ శాఖలు జనానికిచ్చే పత్రాలు జనానికి అర్థమయ్యేలా రాయాలని అమెరికాలో 2010లో చట్టమే చేశారు. కంపెనీల కాగితాలకు ఆ చట్టం వర్తించదు. అసలు రోగం అక్కడే ముదిరింది.

అందుకే వొకాబులరీ పరీక్ష పెట్టేవాళ్లు ఒక పని చేయాలి. ఓ బీమా పాలసీలోంచి ఒక్క పేజీ ఇచ్చి, 'దీని మీద సంతకం పెడితే మీరు ఏయే హక్కులు వదులుకుంటారో మీ మాటల్లో రాయండి' అని అడగాలి. దానికి ఎవరు కోచింగ్ ఇస్తారో చూద్దాం.