ఏం కలుపుతారో అడగొద్దా?

లిథియం, యురేనియం వంటి కీలక, వ్యూహాత్మక, అణు ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని కేంద్ర పర్యావరణ శాఖ 2025 సెప్టెంబరు 8న మెమో ఇచ్చేసింది. భూమి పోయే రైతు గోడు వినే వేదిక పోయింది. ఖనిజాన్ని శుద్ధి చేసే మిల్లులో ఏ రసాయనం కలుపుతారని ఊరివాళ్లు నిలదీసే వేదిక కూడా అదే.

రాయిని పిండి చేసి, నీళ్లలో కలిపి, రసాయనాలు వేసి గాలి ఊదితే కావలసిన రేణువులు నురగతో పైకి తేలతాయి. పదో తరగతిలో చదువుకున్న ప్లవన ప్రక్రియే ఇది. ఇందులో రేణువులు గాలి బుడగలకు అంటుకునేందుకు వాడే జాంథేట్లనే రసాయనాలు విచ్ఛిన్నమైతే కార్బన్ డైసల్ఫైడ్ వస్తుంది. అది నరాలను దెబ్బతీస్తుంది, ఇట్టే అంటుకుంటుంది. రాగి నుంచి మాలిబ్డినం అనే లోహ ఖనిజాన్ని విడదీసే సోడియం హైడ్రోసల్ఫైడ్‌కు ఆమ్లం తగిలితే ప్రాణాలు తీసే హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతుంది. సీసం, జింకు శుద్ధిలోనైతే సోడియం సైనైడ్, డైక్రోమేట్ ఏళ్లుగా వాడుకలో ఉన్నాయి. ముందు వీటిని పీల్చేది మిల్లు కార్మికుడు. మిగిలింది బురదతో పాటు వ్యర్థాల చెరువుకు చేరుతుంది.

వేరే దారి లేక కాదు. ఇనుప ఖనిజం శుద్ధిలో బ్రెజిల్ ఎన్నో ఏళ్లుగా మొక్కజొన్న స్టార్చ్ వాడుతోంది. దక్షిణాఫ్రికా ప్లాటినం మిల్లుల్లో టాల్క్ అనే అక్కర్లేని ఖనిజం తేలకుండా అణచడానికి గ్వార్ గమ్ వేస్తారు. మన గోరుచిక్కుడు గింజల నుంచి తీసేదే అది. ప్రపంచంలో ఆ పంట ఎక్కువగా పండేది మన దేశంలో, అదీ సీసం, జింకు గనులున్న రాజస్థాన్‌లోనే! డైక్రోమేట్‌కు బదులు స్టార్చ్ నుంచి తీసే డెక్స్‌ట్రిన్ పనికొస్తుందని పరిశోధనలు ఎప్పుడో చూపించాయి.

ఖర్చు పెరుగుతుంది, రాయి నుంచి చేతికొచ్చే ఖనిజం తగ్గుతుందని కంపెనీలు అంటాయి. దేశ భద్రత విషయంలో జాప్యం కుదరదని ప్రభుత్వం అంటుంది. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ అడిగేవాళ్లు లేకపోతే చవకైన విషాన్ని వదిలి ఏ కంపెనీ కొత్త రసాయనం కోసం వెతుకుతుంది?

మా అసలు భయం ఈ మినహాయింపు అలవాటుగా మారుతుందని. సీసం, జింకు ఇప్పుడీ మినహాయింపు పొందిన ఖనిజాల జాబితాలో లేవు. రేపు చేర్చరని ఎవరు హామీ ఇస్తారు? ఇవాళ ‘కీలకం’ అన్న ఒక్క మాటతో జనాన్ని పక్కన పెట్టారు. రేపు ఇంకో మాట దొరుకుతుంది. ఎల్లుండి మరో గని, మరో మెమో. ఒకసారి తీసేసిన హక్కును ఏ ప్రభుత్వమూ తనంతట తాను తిరిగి ఇవ్వదు.

కీలక ఖనిజాల మిషన్‌కు రూ.16,300 కోట్లు కేటాయించిన కేంద్రం, అందులో కొంత తక్కువ విషమున్న రసాయనాలను మిల్లుల్లో పరీక్షించడానికి ఖర్చు పెట్టాలి. మెమోను వెనక్కి తీసుకోవాలి. ఏ మిల్లు ఏ రసాయనం ఎంత వాడుతోందో పంచాయతీ గోడ మీద స్థానిక భాషలో రాయించాలి. మిల్లు పక్కన బావి నీళ్లు తాగేవాళ్లను ఒక్క మాటైనా అడగకుండా ఢిల్లీలో కూర్చుని సంతకాలు పెట్టడానికి చేతులెలా వచ్చాయి?