బార్‌కు వేలాడితే ఎముకలు సాగవు

"పెద్దమనిషి అయిన రోజుతో ఆడపిల్ల ఎత్తు ఆగిపోతుంది. మగపిల్లాడికి పాతికేళ్ళ దాకా ఢోకా లేదు. గుడ్లు, చికెన్ మానిపిస్తే ఆడపిల్లలు ఆలస్యంగా సమర్తాడి పొడుగవుతారు. రోజూ బార్‌కు వేలాడితే మూడు నెలల్లో మూడు అంగుళాలు." విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నెల రోజులుగా తిరుగుతున్న మెసేజ్ ఇది. కింద ఒక పొడి డబ్బా ఫొటో, ఫోన్ నంబరు. నవ్వి వదిలేద్దామనుకున్నాను. పక్క ఫ్లాట్‌లో పదకొండేళ్ళ పిల్లకు గుడ్డు ఆపేశారని తెలిశాక ఊరుకోలేకపోయాను.

మొదటి మాటలో కొంత నిజం ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. ఆడపిల్లలు జోరుగా ఎదిగే దశ మొదటి నెలసరికి ముందే వచ్చిపోతుంది. ఛాతీ ఎదగడం మొదలైన దగ్గర్నుంచి ఎత్తు వేగం అందుకుని, పదకొండు పన్నెండేళ్ళప్పుడు ఏడాదికి సుమారు 8 సెం.మీ. పెరుగుతారు. నెలసరి వచ్చేసరికి ఆ జోరు తగ్గుముఖం పడుతుంది. అంతేగానీ ఆగదు. తర్వాత రెండు మూడేళ్ళలో ఇంకో 5 నుంచి 7 సెం.మీ. దాకా పెరుగుతారు. ఎముకల చివర మెత్తటి మృదులాస్థి పొర ఒకటుంటుంది, పొడవు పెరిగేది అక్కడే. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ముందు దాన్ని ఉరికిస్తుంది, తర్వాత నెమ్మదిగా గట్టిపరిచి మూసేస్తుంది. విచిత్రం ఏమిటంటే, మగపిల్లల్లోనూ ఆ పొరను మూసేది ఈస్ట్రోజెనే.

మగపిల్లలకు ఇదంతా దాదాపు రెండేళ్ళు ఆలస్యం. ఏడో తరగతి గ్రూప్ ఫొటో తీసి చూడండి, అమ్మాయిలే పొడుగ్గా కనిపిస్తారు. పదో తరగతికి లెక్క తారుమారవుతుంది. కానీ చాలామంది అబ్బాయిల ఎత్తు 17, 18 ఏళ్ళకే దాదాపు పూర్తయిపోతుంది. పాతికేళ్ళ మాట ఎక్కడిదో మరి.

గుడ్డు సంగతి నాకు కోపం తెప్పించింది. బాగా ఎదిగే వయసులో, అందులోనూ నెలసరితో రక్తం పోవడం మొదలయ్యే ముందు, మాంసకృత్తులు, ఐరన్ తగ్గిస్తే మిగిలేది నీరసం, రక్తహీనత. కోళ్ళకు హార్మోన్లు ఎక్కిస్తారన్నది ఉత్త భయం. బ్రాయిలర్ కోడి త్వరగా బరువెక్కేది ఎంపిక చేసిన జాతి వల్ల, దాణా వల్ల. హార్మోన్ ఇంజెక్షన్ల వల్ల కాదు. త్వరగా పెద్దమనిషి కావడానికి సంబంధం కనిపించేది అధిక బరువుతో. తగ్గించాలనుకుంటే చిప్స్ ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు తగ్గించండి. ఎదిగే పిల్లలకు మన చోడి (రాగి) అంబలి ఉంది, పూర్ణా మార్కెట్‌లో నెత్తళ్ళనే చిన్న చేపలు ఉన్నాయి. ముల్లుతో సహా నమిలేస్తాం కాబట్టి వాటిలో కాల్షియానికి లోటు లేదు. కడుపునిండా ఇలా తినే పిల్లను ఏ డబ్బా పొడీ అదనంగా సాగదీయలేదు.

ఇక వేలాడటం. పగలంతా నిలబడీ కూర్చునీ వెన్నుపూసల మధ్య మెత్తలు నొక్కుకుని, సాయంత్రానికి అందరం ఒక సెంటీమీటరు అటూఇటుగా పొట్టి అవుతాం. వేలాడితే అందులో కాస్త తిరిగి వస్తుంది, ఆర్కే బీచ్‌లో బార్‌కు వేలాడి ఇంటికొచ్చి నాలుగు గంటలు కూర్చుంటే పోతుంది. బాస్కెట్‌బాల్ కథా అంతే: ఆడి పొడుగవరు, పొడుగువాళ్ళనే ఏరి జట్టులోకి తీసుకుంటారు.

మెసేజ్‌లో అసలు లేనిది పసితనం. పుట్టినప్పుడు బిడ్డ సుమారు 50 సెం.మీ. ఉంటుంది. మొదటి ఏడాది 25, రెండో ఏడాది 12 సెం.మీ. పెరుగుతుంది. మొదటి ఏడాది వేగం మళ్ళీ ఎప్పుడూ రాదు. తర్వాత యుక్తవయసు దాకా ఏడాదికి 5, 6 సెం.మీ. చివరికి ఎంత ఎత్తవుతారన్నది చాలావరకు అమ్మానాన్నల నుంచి వచ్చేదే. ఇద్దరి ఎత్తులూ కలిపి, అబ్బాయికైతే 13 సెం.మీ. కూడి, అమ్మాయికైతే 13 తీసేసి, సగం చేయండి. నాన్న 170, అమ్మ 154 అయితే అమ్మాయికి 155 చిల్లర వస్తుంది. అటూ ఇటూ ఏడెనిమిది సెంటీమీటర్ల తేడా మామూలే.

టెన్షన్ పడాల్సిన సందర్భాలూ ఉన్నాయి. నాలుగేళ్ళు దాటాక ఏడాదికి 4 సెం.మీ. కూడా పెరగకపోతే, ఎనిమిదేళ్ళలోపే ఆడపిల్లకు ఛాతీ ఎదగడం మొదలైతే, 13 వచ్చినా మొదలవకపోతే, మగపిల్లల్లో 14 నిండినా యుక్తవయసు మార్పులు కనిపించకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.

పక్క ఫ్లాట్ పిల్లను నిన్న పొద్దున చెప్పుల్లేకుండా గోడకు నిలబెట్టి కొలిచాం. గుమ్మం మీద పోయిన సంక్రాంతి నాటి పెన్సిల్ గీత ఉంది. దానికి 7 సెం.మీ. పైకి వచ్చింది.