సవరణ: ఫేస్‌బుక్ చూసి సాఫ్ట్ స్కిల్స్ అంచనా వేయడం గురించి

గత వారం పోస్టులో "అభ్యర్థి ఫేస్‌బుక్ చూస్తే ఆఫీసులో ఎలా పనిచేస్తారో తెలిసిపోతుందని పరిశోధనలు తేల్చాయి" అని రాశాను. అది తప్పు. ఆ వాక్యం తీసేశాను.

నేను నమ్ముకున్నది 2012లో అమెరికాలో వచ్చిన ఒక్క అధ్యయనాన్ని. శిక్షణ పొందిన కొందరు ప్రొఫైళ్లు చూసి వ్యక్తిత్వానికి మార్కులు వేస్తే, తర్వాతి పనితీరుతో కొంత సంబంధం కనిపించింది. కానీ పనితీరు వివరాలు దొరికింది కొద్దిమందివే.

2016లో 'జర్నల్ ఆఫ్ మేనేజ్‌మెంట్'లో వచ్చిన అధ్యయనాన్ని నేను అసలు చూడలేదు. అందులో 416 మంది విద్యార్థుల ప్రొఫైళ్లకు రిక్రూటర్లే (కంపెనీల్లో ఉద్యోగులను ఎంపిక చేసేవాళ్లే) మార్కులు వేశారు. ఆ మార్కులకూ, ఆ విద్యార్థులు ఉద్యోగాల్లో చేరాక వాళ్ల పైఅధికారులు ఇచ్చిన రేటింగులకూ సంబంధమే లేదు. పైగా మహిళలకు, శ్వేతజాతీయులకు ఎక్కువ మార్కులు పడ్డాయి. నన్ను బాగా కలవరపెట్టింది ఇదే. మన దగ్గర ప్రొఫైల్ తెరవగానే ఇంటిపేరు, పెళ్లి ఫొటోలు, పండగ ఫొటోలు కనిపిస్తాయి. కులం, మతం, ఊరు ముందే తెలిసిపోతాయి. ఒకసారి చూశాక చూడనట్టు ఉండటం ఎవరివల్లా కాదు.

లింక్డ్‌ఇన్‌లో అభ్యర్థి రాసే తీరు గురించి అదే పోస్టులో చెప్పినదాన్ని మార్చడం లేదు, కానీ దానివల్ల తెలిసేది రాత వరకే. ఓపిక, నలుగురితో కలిసి పనిచేయడం లాంటి సాఫ్ట్ స్కిల్స్‌ని ఇంటర్వ్యూలో అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి తెలుసుకోవాలి: "టీమ్‌లో గొడవ వచ్చినప్పుడు మీరేం చేశారు?"

నా పోస్టు చదివి, ప్రొఫైల్ నచ్చక ఎవరినైనా పక్కన పెట్టి ఉంటే, దయచేసి ఆ దరఖాస్తు మళ్లీ తీయండి.