ఒక ఇల్లు, ఒక డిష్, రెండు బిల్లులు

మా డాబా మీద ఉన్నది ఒక్కటే డిష్. కింద టీవీలు రెండు. డబ్బులు మాత్రం రెండు ఇళ్లవాళ్లు కట్టినట్టు కడుతున్నాం. ఇవాళ పొద్దున రెండో బాక్స్‌కి రీఛార్జ్ చేసి ఫోన్ పక్కన పెట్టాక ఇక రాయకుండా ఉండలేకపోయాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక వెనక గదిలో మంచం వేశాం. హాల్లోకి రావాలంటే వాకర్ పట్టుకుని గడప దాటాలి. గడప దగ్గర ఒకసారి తూలింది కూడా. అందుకే పాత టీవీ తుడిచి ఆ గదిలో పెట్టాం. ఆమె చూసేది ఎంత? తెల్లవారుజామున ఎస్వీబీసీలో సుప్రభాతం, సాయంత్రం రెండు సీరియళ్లు, మధ్యలో కాసేపు వార్తలు. అంతే.

ముందు ఖర్చు లేని దారి చూశాం. హాల్లో బాక్స్ వెనక పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు ఖాళీగానే ఉన్నాయి కదా, వాటి నుంచి గోడ వెంబడి పొడుగు వైర్ లాగి అమ్మ టీవీకి తగిలించాం. బొమ్మ వచ్చింది. కానీ హాల్లో ఏది పెడితే లోపల కూడా అదే వస్తుంది. సాయంత్రం ఏడున్నరకి పిల్లలు కార్టూన్ చూస్తుంటే అమ్మ లోపల్నుంచి, "కన్నా, ఒక్క అరగంట నా సీరియల్ పెట్టవా" అని అడిగేది. వాడు కాసేపు వినిపించుకోడు, తర్వాత ఏడుస్తూ మారుస్తాడు. జీవితమంతా ఇంట్లో అందరికీ వడ్డించి ఆఖర్న తిన్న మనిషి, ఈ వయసులో ఒక ఛానెల్ కోసం మనవణ్ని బతిమాలుకోవడం చూడలేకపోయాను. వారం తిరక్కుండానే ఆ వైర్ పీకేసి రెండో కనెక్షన్ తీసుకున్నాం.

రెండో బాక్స్ వచ్చాక ఎల్ఎన్‌బీ, అంటే డిష్ ముందు సిగ్నల్ పట్టి కేబుల్‌లోకి పంపే పరికరం, అది కూడా మార్చాలన్నారు. మళ్లీ ఖర్చెందుకని మా తమ్ముడు బజారు నుంచి ఒక కేబుల్‌ని రెండుగా చీల్చే స్ప్లిటర్ తెచ్చి బిగించాడు. ఒక బాక్స్‌లో ఛానెల్ మారిస్తే రెండోదాంట్లో 'సిగ్నల్ లేదు' అని వచ్చేది. ఎందుకో మెకానిక్ వచ్చాకే అర్థమైంది. కేబుల్‌లో సిగ్నల్ కిందికి వస్తుంటే, బాక్స్ నుంచి ఎల్ఎన్‌బీకి కరెంటు పైకి వెళ్తుంది. 13 వోల్టులు వెళ్తే ఒక రకం తరంగాలు, 18 వెళ్తే ఇంకో రకం తరంగాలు కిందికి పంపుతుంది. ఒకే వైర్ మీద రెండు బాక్సులు రెండు రకాలుగా అడిగితే అది మాత్రం ఎవరి మాట వింటుంది? అదే రెండు పోర్టుల ఎల్ఎన్‌బీ పెట్టి, ఒక్కో బాక్స్‌కి విడిగా కేబుల్ లాగితే ఏ గొడవా లేదు. మెకానిక్ డాబా మీదికెళ్లి అరగంటలో పని ముగించాడు. అదే డిష్, అదే సిగ్నల్. కొత్తగా వచ్చింది ఒక ఎల్ఎన్‌బీ, ఒక బాక్స్, కాస్త వైర్. వాటన్నిటికీ అదే రోజు డబ్బులిచ్చేశాం.

మరి నెలనెలా కడుతున్నది దేనికి?

2019 ఫిబ్రవరిలో ఫోన్, టీవీ సేవల నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త టారిఫ్ విధానం వచ్చినప్పుడు 'మీరు చూసే ఛానెళ్లకే డబ్బు కట్టండి' అన్నారు. విని సంతోషించాను. తీరా చూస్తే ఛానెళ్ల ధర కంటే ముందు ఎన్‌సీఎఫ్ (నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు) అని ఇంకోటి ఉంది. 100 ఛానెళ్లు మోసుకొచ్చినందుకు 130 రూపాయల దాకా, జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. ఉచిత ఛానెళ్లు మాత్రమే చూసినా అది కట్టాల్సిందే. రెండో టీవీకి మళ్లీ అదే బాదుడు. జనం గోల పెట్టాక 2020లో సవరించారు. 130కి 200 ఛానెళ్లు ఇవ్వాలని, అదే ఇంట్లో రెండో టీవీకి ఎన్‌సీఎఫ్ మొదటిదాంట్లో 40 శాతం మించకూడదని చెప్పారు. అంటే 52 రూపాయలు, జీఎస్టీతో 61 రూపాయల 36 పైసలు. మంచి పనే, కాదనను. అయితే 2024 జూలైలో 130 అన్న ఆ గరిష్ఠ పరిమితినే ఎత్తేసి, ఎన్‌సీఎఫ్ ఎంతో కంపెనీలనే నిర్ణయించుకోమన్నారు.

నా అసలు బాధ ఎన్‌సీఎఫ్ కాదు, పే ఛానెళ్లు. 19 రూపాయల ఛానెల్ ఒకటి హాల్ బాక్స్‌లో ఉంది. అమ్మ సీరియల్ వచ్చేది అందులోనే. అమ్మ గదిలో అది రావాలంటే ఇంకో 19, పైన జీఎస్టీ. ఇప్పుడు పిల్లలు ట్యూషన్‌కి వెళ్తున్నారు, ఆ టైముకి హాల్లో టీవీ ఆపే ఉంటుంది. ఇల్లంతటికీ ఆ సీరియల్ చూస్తున్నది ఒక్క మనిషి, ఒక్క తెర మీద. ధర మాత్రం రెండుసార్లు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, "బాక్స్‌కి బాక్సే మేడం" అని. ఆ అమ్మాయిని అనడానికి లేదు. ట్రాయ్ 2017 నిబంధనల్లోనే అలా ఉంది. ఒక చోట ఎన్ని సెట్‌టాప్ బాక్సులుంటే అంతమంది చందాదారులు. ఛానెల్ వాళ్లు ఆ లెక్కనే డీటీహెచ్ కంపెనీ దగ్గర వసూలు చేస్తారు, కంపెనీ మన దగ్గర వసూలు చేస్తుంది. కాయితం మీద మా అమ్మ మా ఇంటి మనిషి కాదు. వెనక గదిలో ఉంటున్న వేరే కస్టమర్.

ఇంకెక్కడైనా ఇలా ఉందా చెప్పండి. ఇంటికి పేపర్ ఒక్కటే వస్తుంది. నాన్న చదివాక నేను, నేను చదివాక పక్కింటి పిన్ని. కరెంటు మీటర్ ఒక్కటే, వెనక గదిలో ఫ్యాన్ వేస్తే కాలిన యూనిట్లకే బిల్లు. సినిమాలు, సిరీస్‌లు చూసే యాప్‌లు కూడా ఒక్క చందాతో రెండు మూడు తెరల మీద చూడనిస్తున్నాయి. అలాంటప్పుడు డీటీహెచ్ నుంచి జనం వెళ్లిపోతున్నారంటే ఆశ్చర్యమేముంది? 2020లో ఏడు కోట్ల చందాదారులు ఉండేవాళ్లు, ఇప్పుడు ఆరు కోట్ల లోపుకి వచ్చేశారు.

ఒక్క చందాతో రెండు బాక్సులు నడవనిస్తే రెండో బాక్స్ పట్టుకెళ్లి పక్కింట్లో పెడతారని కంపెనీల భయం. అది ఉత్త భయమేమీ కాదు, నాకే ఆ బేరం వచ్చింది. ఎల్ఎన్‌బీ బిగించిన రోజే మెకానిక్ అన్నాడు, "అక్కా, ఎదురింటోళ్లది మల్టీ టీవీ ప్లాను. వాళ్ల రెండో బాక్స్ ఊరికే ఉంది. నెలకి ఎంతో కొంత ఇచ్చేయండి, తెచ్చి పెట్టేస్తా." వద్దన్నాను. ఒక ఇంటి పేరు మీద ఇచ్చిన బాక్స్ ఇంకో ఇంట్లో నడపడం నియమాలకి విరుద్ధం. ఏదో ఒక రోజు అది కట్ అయితే అమ్మ ముందు నల్లటి తెర మిగులుతుంది. అసలు దొంగచాటుగా చూడాల్సిన ఖర్మ మాకేంటి? ఒకసారి న్యాయంగా కట్టి ఇంట్లోవాళ్లందరం చూస్తామంటున్నాను, అంతే.

ఆ భయానికి దారులు లేకపోలేదు. అమెరికాలో డిష్ నెట్‌వర్క్ ఒకప్పుడు ఒకే రిసీవర్‌తో రెండు టీవీల్లో రెండు వేర్వేరు ఛానెళ్లు చూసే ఏర్పాటు ఇచ్చింది. ఆ రిసీవర్‌ని ఇంటి ఫోన్ లైన్‌కి కలిపి ఉంచాలి, కలపకపోతే నెలకి దాదాపు 5 డాలర్లు అదనం. అంటే బాక్స్ ఈ ఇంట్లోనే ఉందని చూపిస్తే ఆ డబ్బు మాఫీ. ఫోన్ లైన్ లేనివాళ్లకి అదీ ఇబ్బందే అనుకోండి. కానీ 'మా ఇంట్లోనే ఉంది' అని రుజువు చేసుకోవడానికి ఒక దారి ఉంది. ఇవాళ చాలా ఇళ్లలో వైఫై ఉంది, రెండు బాక్సులూ ఒకే వైఫైకి కలిసి ఉన్నాయో లేదో చూసుకోవడం కష్టమా?

ఫ్రీ డిష్ పెట్టుకోవచ్చుగా అంటారు. అదీ పెట్టాను. 2004 డిసెంబర్ నుంచి నడుస్తున్న దూరదర్శన్ వాళ్ల డీటీహెచ్ అది, ఒకసారి బాక్స్, డిష్ కొనుక్కుంటే నెలనెలా ఏమీ కట్టక్కర్లేదు. మా డిష్ చూసే ఉపగ్రహం వేరు, అది వచ్చేది వేరే ఉపగ్రహం నుంచి, కాబట్టి దానికి ఇంకో చిన్న డిష్ కావాలి. మా అత్తగారి ఊళ్లో పెట్టించాను, మామయ్యగారు వన్డేలు డీడీ స్పోర్ట్స్‌లో హాయిగా చూస్తున్నారు. ఆయనకి అది చాలు. అమ్మ చూసే రెండు సీరియళ్లూ మాత్రం నేను పెట్టించిన రోజుకి అందులో లేవు. అరవై ఎనిమిదేళ్ల మనిషికి సీరియల్ మార్చుకోమని చెప్పలేను కదా.

ట్రాయ్‌ని నేను అడిగేది ఒక్కటే. చందాదారు అంటే బాక్స్ కాదు, ఇల్లు అని రాయండి. రెండో బాక్స్‌కి బాక్స్ ఖరీదు తీసుకోండి, కావాలంటే ఎన్‌సీఎఫ్‌లో ఆ 40 శాతం కూడా తీసుకోండి. హాల్లో డబ్బు కట్టిన ఛానెల్‌కి వెనక గదిలో మళ్లీ కట్టించకండి. ట్రాయ్ సంప్రదింపుల పత్రం పెట్టినప్పుడల్లా ఎవరైనా అభిప్రాయం పంపొచ్చు. ఈసారి పెట్టగానే ఇదే మాట తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి పంపిస్తాను. నాతో కలిసి రాయాలనుకునేవాళ్లు, మీ రెండో టీవీకి నెలకి ఎంత అవుతోందో బిల్లు చూసి కింద పెట్టండి. పే ఛానెళ్లు ఎంత, ఎన్‌సీఎఫ్ ఎంత, విడివిడిగా.

ఏడున్నర అవుతోంది. అమ్మ గదిలో సీరియల్ పాట మొదలైంది, హాల్లో టీవీ ఆపి ఉంది.