పుస్తకం మూస్తేనే తెలిసేది

మొదటి సెమిస్టర్ మిడ్ మార్కులు వచ్చిన రోజు, పలమనేరు వైపు నుంచి వచ్చి తిరుపతిలో హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయి నోట్సు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. 30కి 9 మార్కులు. పేజీల నిండా పసుపు, గులాబీ, ఆకుపచ్చ హైలైటర్ గీతలే. గీత పడని వాక్యం వెతుక్కోవాలి. ‘‘నాలుగుసార్లు చదివినా సార్. చదివేటప్పుడు అంతా తెలిసినట్టే ఉన్నింది. పేపర్ జూస్తే ఏమీ గుర్తుకు రాలా’’ అంది. నోట్సు మూయించి, తెల్లకాగితం ఇచ్చి, థర్మోడైనమిక్స్ రెండో నియమం గురించి తెలిసింది రాయమన్నాను. రెండు వాక్యాలకే పెన్ను ఆగిపోయింది.

ఆ అమ్మాయి పడ్డ కష్టం నిజం. తనకు ఏది వచ్చో, ఏది రాదో తేల్చుకునే దారి మాత్రం ఆమెకు ఎవరూ చూపలేదు.

తిరుపతిలో చదువుకు కొదవ లేదు. 1954లో ఎస్వీ యూనివర్సిటీ, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, సైన్సు చదువుల కేంద్ర సంస్థ ఐజర్ వచ్చాయి. కుప్పం, పుంగనూరు, సత్యవేడు పల్లెల పిల్లలు ఇక్కడికే వస్తారు. వీళ్లలో చాలామంది ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీల్లో గడిపినవాళ్లు. తెల్లారకముందే వార్డెన్ లేపుతాడు, స్టడీ అవర్స్‌లో కూర్చోబెడతారు, వారం వారం టెస్టు పెట్టి ర్యాంకు గోడకు అంటిస్తారు. పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో కాలేజీయే చెబుతుంది. డిగ్రీలోనో బీటెక్‌లోనో చేరిన మర్నాటి నుంచి ఆ చెప్పేవాళ్లు ఉండరు. స్వేచ్ఛ వల్ల పిల్లలు చెడిపోతున్నారని మనం తేలిగ్గా అనేస్తాం. నా దృష్టిలో అది అన్యాయం. తన చదువును తానే కొలుచుకోవడం నేర్పకుండా వదిలేసింది మనమే.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు ఒక పాఠంతో ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు దాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక విడత చదివి, మూడుసార్లు చూడకుండా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లే మెరుగు: వాళ్లకు 83 శాతం, రాసుకున్నవాళ్లకు 71 శాతం గుర్తుంది. వారం తర్వాత లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు 40 శాతమే గుర్తుంది, రాసుకున్నవాళ్లకు 61. అసలు విషయం మరొకటుంది. బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది పదే పదే చదివినవాళ్లే. కళ్లకు అలవాటైన పేజీని బుర్రకెక్కిన పాఠం అనుకున్నారు.

ఈ సంగతి తిరుపతికి కొత్తేమీ కాదు. వేదపాఠశాలలో సంథ చెప్పేటప్పుడు గురువు ఒకసారి పలికితే శిష్యులు రెండుసార్లు పలుకుతారు. వల్లె వేసేటప్పుడు చేతిలో పుస్తకం ఉండదు, తప్పు పోతే అక్కడే దిద్దుబాటు. దీన్ని బట్టీ అని కొట్టిపారేసేవాళ్లు, మనసులోంచి బయటికి లాగే ఆ సాధనను గమనించరు. ఫిజిక్స్‌కు అర్థం కూడా కావాలి, నిజమే. కానీ పుస్తకం మూసే అలవాటు మాత్రం రెండింటికీ ఒకటే.

తెలుగు మీడియం పిల్లలకు ఇంకో చిక్కు. ఫెయిలైతే ‘‘నాకు ఇంగ్లీషు రాదు సార్’’ అంటారు. అలాంటప్పుడు ఆ పాఠమే తెలుగులో చెప్పమంటాను. గడగడా చెబితే సమస్య భాషది, దానికి మందు వేరు. తెలుగులోనూ తడబడితే రానిది పాఠం. ఈ తేడా తెలియక స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులకు డబ్బు పోసిన పిల్లలను చూసి బాధపడ్డాను.

ఇంజినీరింగ్‌లో చేరినవాళ్లకు మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రాం ఉండాలని సాంకేతిక విద్యను చూసే జాతీయ మండలి ఏఐసీటీఈ చెబుతోంది. అందులో ఉపన్యాసాలు తగ్గించి, ఒక్క వారం ఇది చేయించాలి. పాఠం విన్న సాయంత్రం చూడకుండా రాయడం, పరీక్షకు ముందే తనకెన్ని మార్కులొస్తాయో రాసిపెట్టడం, వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, ఫీజూ అక్కర్లేదు.

రెండో మిడ్‌కు పది రోజుల ముందు ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి హైలైటర్లు లేవు, కొట్టివేతలతో నిండిన తెల్లకాగితాలు నాలుగు. ‘‘రెండో నియమంలో ఎంట్రపీ, అదే చిందరవందర, పెరగతానే ఉంటుందంటారు గదా సార్. మరి ఫ్రిజ్‌లో నీళ్లు గడ్డ కడితే తగ్గుతుంది. ఈడ నాకు అర్థం కాలా’’ అంది.