బాడీ సరే, ఇంజను మాటేమిటి?

ప్రోగ్రామింగ్ భాషల మీద వచ్చిన ఒక వ్యాసంలో "భాషకు కొత్త సింటాక్స్ ఎవరికి వారు తగిలించుకునే వీలుంటే చాలు, కంపైలర్ సంగతి తర్వాత" అన్న వ్యాసకర్త మాట నాకు మింగుడుపడలేదండీ. సింటాక్స్ అంటే కోడ్ రాసే తీరు, అది బాడీ లాంటిది. రాసినదాన్ని సరిచూసి యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఇంజను లాంటిది. మాది విజయవాడ. ఆటోనగర్‌లో లారీకి ఎవరికి నచ్చిన బాడీ వాళ్లు కట్టించుకుంటారు, ఇంజను మాత్రం కంపెనీదే. ఘాట్ ఎక్కేటప్పుడు లాగేది బాడీ మీది రంగులు కాదు కదా!

లిస్ప్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో, కొత్త సింటాక్స్ మనమే చేర్చుకునే మాక్రోలు 1960ల నుంచీ ఉన్నాయి, గొప్పవే, కాదనను. కానీ మా పాత ఆఫీసులో ఒకాయన సీ ప్లస్ ప్లస్ భాషలోని టెంప్లేట్లతో (రకరకాల డేటాకు పనికొచ్చే కోడ్ అచ్చులు) ఏకంగా సొంత భాషే కట్టేశాడు. ఆయన మానేశాక చూడాలి మా తిప్పలు. ఒక్క డేటా టైపు తేడా వస్తే పేజీలకు పేజీలు ఎర్రర్లు. తప్పు మా లైన్లో, తిట్లేమో లైబ్రరీ లోపలి నుంచి. ఆ బాధ తగ్గించడానికి కూడా సీ ప్లస్ ప్లస్ 2020 ప్రమాణంలో, టెంప్లేటుకు ఎలాంటి టైపు కావాలో ముందే చెప్పే కాన్సెప్ట్స్ తెచ్చారు. అంటే తిరిగి తిరిగి పని కంపైలర్ నెత్తికే వచ్చింది.

నేను పైథాన్ నేర్చుకునే రోజుల్లో బ్రాకెట్ మూయడం మరిచిపోతే, తప్పు అక్కడుందంటూ ఏ పాపమూ ఎరగని తర్వాతి లైన్‌ను చూపించేది. 2021లో వచ్చిన పైథాన్ 3.10 వెర్షన్ నుంచి మూయని బ్రాకెట్ ఏదో నేరుగా చెబుతోంది. ఇదీ ఇంజను బాగుపడటమే. గుంటూరులో ఇంజనీరింగ్ చదివే మా తమ్ముడికి ఈ గొడవే తెలియదు, అదృష్టవంతుడు.