లోడర్ బకెట్ ఒక్కటే అన్ని పనులూ చేయాలా?

మా తాతగారి కొట్టంలో పార, పలుగు, పంగలకర్ర విడివిడిగా ఉండేవి. వరిగడ్డిని పారతో ఎత్తడం ఆయన ఎరగరు. నేను మాత్రం 50 హెచ్‌పీ ట్రాక్టర్‌కు ముందు బిగించే లోడర్ చేతులకు, అన్ని పనులూ చేసే బకెట్ కావాలని పట్టుబట్టి చేయించాను. మధ్యలో నోరు తెరుచుకునే రకం. మూసి ఉంచితే మట్టి ఎత్తుతుంది, తెరిస్తే వెనక పలకతో నేల చదును చేస్తుంది, దవడల మధ్య దుంగలనూ పట్టుకుంటుంది.

కాటా వేస్తే పాత సాదా బకెట్ 160 కిలోలు, ఇది 310. ఎత్తిన ప్రతిసారీ 150 కిలోల ఇనుము అదనం. ఆ బరువు ముందు ఇరుసుకు అవతల వేలాడుతూ వెనకభాగాన్ని పైకి లేపుతుంది. మన టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. నిండు బకెట్‌తో చెరువు కట్ట దిగుతుంటే బ్రేకు తొక్కినా బండి జారింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు. వెనక నాగలి తగిలించే లింకేజికి బరువు సరితూగేలా కాంక్రీటు దిమ్మ తగిలించకుండా దయచేసి ఎవరూ లోడర్ తోలకండి.

ఇంకో మాట, ఇది కోపంతోనే రాస్తున్నాను. ట్రాక్టర్‌కు లారీలాగా ఛాసిస్, అంటే విడిగా అడుగు చట్రం, ఉండదు. ఇంజను, క్లచ్ హౌసింగు, గేరుబాక్సు ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి, అదే దాని వెన్నెముక. లోడర్ ఫ్రేమును ముందుభాగానికే బిగించి వదిలేస్తే, కుప్పను కుమ్మిన ప్రతిసారీ ఆ దెబ్బ క్లచ్ హౌసింగు మీద పడుతుంది. అది పోత ఇనుము, వంగదు, పగులుతుంది. నాది పగిలింది. ఫ్రేమును వెనక ఇరుసు దాకా తీసుకెళ్లి కట్టడానికి పట్టేది ఇంకో రెండు ఇనుప ఛానెళ్లు! పైగా "బరువు లేవడం లేదు" అంటే షాపువాళ్లు రిలీఫ్ వాల్వు, అంటే నూనె ఒత్తిడి హద్దు దాటకుండా ఆపేది, ఇంకా బిగించి ఇస్తారు. 63 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం) ఉన్న హైడ్రాలిక్ సిలిండర్ 150 బార్ ఒత్తిడి దగ్గరే సుమారు 4.7 టన్నుల బలంతో తోస్తుంది. అంతకు మించి ఒత్తిడి పెంచితే గొట్టం పగలాలి, లేదా వెల్డింగు విడిపోవాలి. పాత లారీ కమాను పట్టీని వేడి చేయకుండా మామూలు వెల్డింగు రాడ్డుతో బకెట్ అంచుకు అతికించడమూ ఇలాంటిదే. అతుకు పక్కనే చీలుతుంది.

ఇప్పుడు నా దగ్గర మార్చుకునే ఫ్రేము ఒకటి ఉంది. పైన రెండు కొక్కేలు, కింద రెండు పిన్నులు. దానికి సాదా బకెట్, ఎరువుకు ముళ్ల పంజా, చదునుకు బ్లేడు. అణిగిపోయిన పశువుల ఎరువులోకి బకెట్ అంచు దిగదు, ముళ్లు సులువుగా దిగుతాయి. మార్చడానికి ఐదు నిమిషాలు చాలు.

వెల్డింగు షాపుల వాళ్లకు నాదొక విన్నపం. కొక్కేల మధ్య దూరం, పిన్ను మందం అందరూ ఒకే కొలతకు చేయండి. మా పక్క చేను రైతు పంజా నా బండికి పట్టదు, నా బ్లేడు ఆయనకు పట్టదు. నా ఫ్రేము మా చావిడి ముందే ఉంటుంది. టేపు తెచ్చుకుని ఎవరైనా కొలుచుకోవచ్చు.